అలర్జీలు నిజంగా పెరుగుతున్నాయా? లెక్క ఎలా కడతారు, ఆ లెక్కలోకి ఎవరు రారు

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరికి అలర్జీ ఉందనే మాట వినిపిస్తోంది. ఒకరికి పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు. ఇంకొకరికి చలికాలం వస్తే ఆయాసం. చిన్నపిల్లలకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దురద. "మా రోజుల్లో ఇవేవీ లేవు" అని నానీలు, దాదీలు అంటుంటారు. ఆ మాట నిజమేనా? లేక అప్పుడు కూడా ఉండి, పేరు మాత్రం లేదా?

దీనికి జవాబు చెప్పడానికి ప్రపంచవ్యాప్తంగా 30 ఏళ్లకు పైగా పెద్ద పని జరుగుతోంది. ఆ పని ఎలా చేస్తారు, ఏం తేలింది, మన దేశం లెక్క ఏం చెబుతోంది అన్నది ఈ కథనం. ఆ లెక్కల్లో తేలిన ఒక విషయం మాత్రం ప్రతి తల్లిదండ్రులకూ నేరుగా పనికొచ్చేదే.

రోగుల సంఖ్య వేరు, వ్యాప్తి వేరు

ఒక జబ్బు జనంలో ఎంత ఉందో చెప్పేదాన్ని వ్యాప్తి రేటు అంటారు. ఫలానా వయసు వాళ్లు వంద మంది ఉంటే అందులో ఎంతమందికి ఆ జబ్బు ఉంది అన్నదే ఆ రేటు. ఇందులో పైన ఉండే సంఖ్య ఎంత ముఖ్యమో, కింద ఉండే సంఖ్య కూడా అంతే ముఖ్యం. పైన జబ్బు ఉన్నవాళ్లు, కింద మొత్తం జనం.

ఆస్పత్రి లెక్కలతో వచ్చే ఇబ్బంది ఇక్కడే. బెంగళూరులో ఒక ఆస్పత్రి స్టడీ 18 ఏళ్లలోపు 20,000 మంది పిల్లల వివరాలు చూసింది. 1979లో 9 శాతం మందికి ఆస్థమా ఉంటే, 1999 నాటికి అది 29.5 శాతానికి చేరింది. ఈ అంకెను ఇప్పటికీ చాలా చోట్ల చెబుతుంటారు. కానీ అది ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో శాతం. బెంగళూరు పిల్లలందరిలో శాతం కాదు. ఒక డాక్టరుకు ఆస్థమా బాగా చూస్తారని పేరు వస్తే ఆయాసం ఉన్న పిల్లలే ఎక్కువ వస్తారు. అక్కడి శాతం పెరుగుతుంది. ఊళ్లో జబ్బు పెరిగిందా లేదా అన్నది దాన్ని బట్టి తేల్చలేం.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో ఉదాహరణ బాగా తెలుసు. ఏటా జూన్‌లో మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం వేలమంది క్యూ కడతారు. ఉబ్బసంతో ఎంతమంది బాధపడుతున్నారో ఆ క్యూ చూస్తే మనసుకు తెలుస్తుంది. కానీ ఒక ఏడాది క్యూ పెరిగితే జబ్బు పెరిగినట్టూ కాదు, తగ్గితే జబ్బు తగ్గినట్టూ కాదు. పైన సంఖ్య ఉంది, కింద సంఖ్య లేదు.

ఒకే ఊళ్లో పాతికేళ్ల తర్వాత అదే ప్రశ్న

పెరుగుదలను నమ్మకంగా చెప్పాలంటే ఒకే చోట, ఒకే వయసు పిల్లల్ని, ఒకే ప్రశ్న కొన్నేళ్ల తేడాతో మళ్లీ అడగాలి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ పట్టణంలో ఇదే చేశారు. అక్కడి స్కూలు పిల్లల గురించి 1964లో ఒకసారి, 1989లో మరోసారి సర్వే జరిగింది. పిల్లల వయసు 8 నుంచి 13 ఏళ్ల వరకు.

పిల్లికూతలు వచ్చే పిల్లలు 10.4 శాతం నుంచి 19.8 శాతానికి పెరిగారు. ఆస్థమా అని డాక్టరు చెప్పిన పిల్లలు 4.1 శాతం నుంచి 10.2 శాతానికి పెరిగారు. తామర రకం అలర్జీ 5.3 నుంచి 12 శాతానికి, హే ఫీవర్ అనే ముక్కు అలర్జీ 3.2 నుంచి 11.9 శాతానికి వెళ్లాయి.

ఈ అంకెలను కాస్త నిదానంగా చూడాలి. లక్షణం రెండింతలకు దగ్గరగా పెరిగింది. జబ్బు పేరు మాత్రం రెండున్నర రెట్లు పెరిగింది. అంటే జబ్బు నిజంగానే పెరిగింది. దాంతోపాటు, వచ్చిన జబ్బుకు పేరు పెట్టడం కూడా పెరిగింది. నానీ చెప్పే మాటలో సగం ఇక్కడ ఉంది. అప్పట్లో జబ్బు తక్కువే, ఉన్న జబ్బుకు పేరు ఇంకా తక్కువ.

జర్మనీ ఏకమైన తర్వాత మరో విచిత్రం బయటపడింది. తూర్పు జర్మనీ నగరాల్లో బొగ్గు పొగ ఎక్కువ. కాబట్టి అక్కడి పిల్లల్లోనే అలర్జీలు ఎక్కువ ఉంటాయని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే హే ఫీవర్ పశ్చిమాన మ్యూనిక్‌లోనే ఎక్కువ, తూర్పున లైప్‌జిగ్‌లో తక్కువ. ఆ తర్వాత లైప్‌జిగ్‌లో జీవన విధానం మారుతూ వచ్చింది. 1991-92లో 2.3 శాతం ఉన్న హే ఫీవర్ 1995-96 నాటికి 5.1 శాతం అయింది. నాలుగేళ్లలో వంశం మారదు, రక్తం మారదు. పరిసరాల్లో ఏదో మారితేనే ఇలా జరుగుతుందని శాస్త్రవేత్తలకు అర్థమైంది.

ఐజాక్: ప్రపంచమంతా ఒకే ప్రశ్నపత్రం

ఒక్కో దేశం ఒక్కో పద్ధతిలో లెక్కపెడితే పోల్చడం కుదరదు. అందుకే 1991లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్, జర్మనీలోని బోకుమ్ పరిశోధకులు కలిసి ఐజాక్ అనే స్టడీ మొదలుపెట్టారు. పిల్లల్లో ఆస్థమా, అలర్జీల మీద అంతర్జాతీయ అధ్యయనం అని దాని అర్థం. ఆక్లాండ్ పిల్లల డాక్టరు ఇన్నెస్ ఆషర్ దీనికి సారథ్యం వహించారు.

పద్ధతిని కావాలనే చాలా సులువుగా పెట్టారు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక కేంద్రం అంటే ఒక ప్రాంతం. అక్కడి స్కూళ్ల జాబితా నుంచి చీటీలు తీసినట్టు కనీసం పది స్కూళ్లను ఎంచుకోవాలి. ఒక్కో వయసు గుంపులో దాదాపు 3,000 మంది పిల్లలు ఉండాలి. 13-14 ఏళ్ల పిల్లలైతే ప్రశ్నపత్రం వాళ్లే నింపుతారు. 6-7 ఏళ్ల పిల్లల బదులు తల్లిదండ్రులు నింపుతారు. పేద దేశాలు కూడా చేయగలగాలన్నదే ఉద్దేశం.

మొదటి దశలో 56 దేశాల్లోని 155 కేంద్రాల్లో 13-14 ఏళ్ల పిల్లలే 4,63,801 మంది పాల్గొన్నారు. రెండో దశ కారణాల మీద నడిచింది. మూడో దశలో సగటున ఏడేళ్ల తర్వాత అవే కేంద్రాలకు వెళ్లి అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. కొత్త కేంద్రాలూ చేరాయి. అన్ని దశలూ కలిపితే 105 దేశాలు, 306 కేంద్రాలు, దాదాపు 20 లక్షల మంది పిల్లలు. 2012లో ఐజాక్ ముగిసింది. ఆ పనిని గ్లోబల్ ఆస్థమా నెట్‌వర్క్ అందుకుంది. ఇది పిల్లలతోపాటు వాళ్ల తల్లిదండ్రులను కూడా లెక్కలోకి తెచ్చింది.

ఏం అడుగుతారు

ప్రశ్నపత్రంలో కీలకమైన విషయం ఏమిటంటే, జబ్బు పేరుకంటే ముందు లక్షణం అడుగుతారు.

ఆస్థమా కోసం: గత 12 నెలల్లో ఛాతీలో పిల్లికూతలు లేదా ఈల లాంటి శబ్దం వచ్చిందా? ఎన్నిసార్లు? ఆ శబ్దం వల్ల రాత్రి నిద్ర చెడిందా? ఒకటి రెండు మాటల తర్వాత ఊపిరి తీసుకోవాల్సి వచ్చేంత తీవ్రంగా ఎప్పుడైనా వచ్చిందా? ఆటలాడినప్పుడు, ఆడిన తర్వాత వచ్చిందా? జలుబు లేకుండా రాత్రిళ్లు పొడి దగ్గు వచ్చిందా?

ముక్కు అలర్జీ కోసం: జలుబు, ఫ్లూ లేని సమయంలో తుమ్ములు, ముక్కు కారడం, ముక్కు దిబ్బడ ఉన్నాయా? వాటితోపాటు కళ్లు దురదపెట్టి నీళ్లు కారాయా? ఏ నెలల్లో?

చర్మం కోసం: వస్తూ పోతూ కనీసం ఆరు నెలలు ఉన్న దురద దద్దుర్లు ఉన్నాయా? మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, చీలమండల ముందు, మెడ, చెవులు, కళ్ల చుట్టూ వచ్చాయా? దాని వల్ల రాత్రి నిద్ర పట్టలేదా?

పిల్లికూతల గురించి అడిగాకే 'ఆస్థమా ఎప్పుడైనా వచ్చిందా' అనే ప్రశ్న ఉంటుంది. లక్షణం ఉందని చెప్పి, పేరు లేదని చెప్పినవాళ్లు ఎంతమందో దీనివల్లే తెలుస్తుంది.

మాట దగ్గరే చిక్కు

ఇంగ్లిష్‌లో పిల్లికూతలకు ఒక మాట ఉంది. చాలా భాషల్లో దానికి సరిపోయే మాటే లేదు. ఈ విషయంలో తెలుగు అదృష్టవంతురాలు. పిల్లికూతలు అనగానే ఏ అమ్మకైనా శబ్దం చెవిలో వినిపిస్తుంది. కానీ ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబాల్లో ఒకరు దమ్ అంటారు, ఒకరు దమ్మా అంటారు, ఒకరు ఆయాసం అంటారు, ఇంకొకరు సాంస్ ఫూల్‌రీ అంటారు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం, రక్తం తక్కువై వచ్చే ఆయాసం, ఆస్థమా ఆయాసం అన్నిటికీ ఒకే మాట వాడితే లెక్క తప్పుతుంది.

చర్మం సంగతి ఇంకా కష్టం. తామర అంటే కొందరికి ఎగ్జిమా, కొందరికి ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చ. దురద ఏదైనా గజ్జి అనేవాళ్లూ ఉన్నారు. ఎగ్జిమా అంటదు, గజ్జి అంటుతుంది. రెండూ ఒక్కటే అనుకుంటే లెక్కా తప్పు, వైద్యమూ తప్పు.

ఈ చిక్కు దాటడానికి ఐజాక్ పెద్ద పిల్లలకు ఒక వీడియో కూడా చూపించింది. అందులో ఐదు దృశ్యాలు: కూర్చున్నప్పుడు పిల్లికూతలు, ఆటతో వచ్చేవి, రాత్రి నిద్రలేపేవి, రాత్రి దగ్గు, తీవ్రమైన దాడి. "నీ ఊపిరి ఎప్పుడైనా ఇలా అయిందా?" అని అడుగుతారు. మాటతో పని లేదు.

ఏం తేలింది

మొదటి దశలోనే ఆశ్చర్యం ఎదురైంది. కేంద్రానికీ కేంద్రానికీ మధ్య తేడా 20 రెట్ల నుంచి 60 రెట్ల వరకు ఉంది. ఆస్థమా లక్షణాలు బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఎక్కువ. తక్కువ ఉన్న దేశాల్లో ఇండొనేసియా, చైనా, ఇథియోపియాతోపాటు భారత్ కూడా ఉంది.

మూడో దశలో పెద్ద పిల్లల్లో పిల్లికూతలు టిబెట్‌లో 0.8 శాతం ఉంటే న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో 32.6 శాతం. చిన్న పిల్లల్లో అతి తక్కువ మన దేశంలోని జోధ్‌పూర్‌లో, 2.4 శాతం. అతి ఎక్కువ కోస్టారికాలో, 37.6 శాతం.

కాలంతో మార్పు ఒకే దిశలో లేదు. ఎక్కువ ఉన్న ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో పెద్ద పిల్లల ఆస్థమా లక్షణాలు ఆగిపోయాయి లేదా తగ్గాయి. తక్కువ ఉన్న చాలా చోట్ల పెరిగాయి. ముక్కు అలర్జీ, ఎగ్జిమా చిన్న పిల్లల్లో ఎక్కువ కేంద్రాల్లో పెరిగాయి. 'ప్రపంచమంతా అలర్జీలు పెరిగిపోతున్నాయి' అనే ఒక్క వాక్యంతో ఇదంతా చెప్పలేం.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పేద దేశాల్లో పిల్లికూతలు ఉన్న పిల్లలు తక్కువైనా, ఉన్నవాళ్లలో తీవ్రమైన లక్షణాల వాటా ఎక్కువ.

కారణాల విషయంలో బాగా వినిపించేది 1989లో బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ స్ట్రాచన్ చెప్పిన ఆలోచన. 1958లో పుట్టిన 17,000 మందికి పైగా పిల్లల వివరాలు చూస్తే, పెద్ద అన్నలు, అక్కలు ఎక్కువ ఉన్నవాళ్లకు హే ఫీవర్ తక్కువగా కనిపించింది. చిన్నతనంలో క్రిములతో పరిచయం తగ్గితే అలర్జీ పెరుగుతుందేమో అని ఆయన అన్నారు. ముక్కు అలర్జీకి ఇది కొంత సరిపోతుంది గానీ ఆస్థమా మొత్తానికి సరిపోదు. శుభ్రత మానేయమని దీని అర్థం అసలే కాదు.

మన దేశం లెక్క

భారత్‌లో గ్లోబల్ ఆస్థమా నెట్‌వర్క్ సర్వే ఫలితాలు 2022లో వచ్చాయి. జైపూర్, లక్నో, పుణె, మైసూరు, కోల్‌కతా వంటి 9 కేంద్రాల్లో 6-7 ఏళ్ల పిల్లలు 20,084 మంది, 13-14 ఏళ్ల పిల్లలు 25,887 మంది, తల్లిదండ్రులు 81,296 మంది పాల్గొన్నారు.

గత 12 నెలల్లో పిల్లికూతలు వచ్చినవాళ్లు చిన్న పిల్లల్లో 3.16 శాతం, పెద్ద పిల్లల్లో 3.63 శాతం, తల్లిదండ్రుల్లో 3.30 శాతం. ఐజాక్ మూడో దశతో పోలిస్తే ఇది తగ్గుదల. ఆస్థమాకు దారితీసే రిస్క్ ఫ్యాక్టర్లు కూడా తగ్గినట్టు తేలింది.

ఇక్కడి వరకు మంచి వార్తే. అసలు కబురు తర్వాత ఉంది. పిల్లికూతలు ఉన్నవాళ్లలో దాదాపు 82 శాతం మందికి ఆస్థమా అని డాక్టరు చెప్పనే లేదు. తీవ్రమైన లక్షణాలు ఉన్నవాళ్లలో కూడా 70 శాతం మందికి పేరు పెట్టలేదు. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లు 2.5 శాతం కూడా లేరు. జబ్బు పేరు చెప్పనివాళ్లలో అయితే ఒక్క శాతం కూడా లేరు.

ప్రపంచ ఆస్థమా రోగుల్లో మన వాటాతో పోలిస్తే ఆస్థమా మరణాల్లో మన వాటా దాదాపు మూడు రెట్లు ఉందని ఇదే స్టడీ గుర్తుచేసింది. జబ్బు మన దగ్గర తక్కువ, చావులు ఎక్కువ. జబ్బును గుర్తించకపోవడం, సరైన మందు ఇవ్వకపోవడమే ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు అంటున్నారు.

దీనికి వ్యతిరేక దిశలో ఫిన్లాండ్ ఉదాహరణ ఉంది. 1994 నుంచి 2004 వరకు అక్కడ జాతీయ ఆస్థమా కార్యక్రమం నడిచింది. తొందరగా గుర్తించడం, మొదటి నుంచీ ఇన్‌హేలర్ ఇవ్వడం, నర్సులకు, ఫార్మసిస్టులకు శిక్షణ. ఆస్థమా ఉన్నవాళ్ల సంఖ్య తగ్గలేదు. ఆస్థమాతో ఆస్పత్రిలో గడిపిన రోజులు మాత్రం సగానికి పైగా తగ్గాయి.

లెక్కలోకి రానివాళ్లు

ఆ 9 కేంద్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి ఒక్కటీ లేదు. పెద్దవాళ్ల మీద 2012లో వెలువడిన ఇన్‌సెర్చ్ అనే స్టడీలో మాత్రం 12 కేంద్రాల్లో సికింద్రాబాద్ ఒకటి. అందులో దేశమంతా కలిపి 1,69,575 మందిని అడిగారు. పెద్దవాళ్లలో ఆస్థమా 2.05 శాతం ఉన్నట్టు తేలింది.

రెండోది, ఇవి స్కూలు సర్వేలు. స్కూళ్ల జాబితా నుంచే పిల్లల్ని ఎంచుకుంటారు. బడి మానేసి పనికి వెళ్లే పిల్లలు, ఆ జాబితాలో లేని మదర్సాల్లో చదివే పిల్లలు, సర్వే రోజు ఆయాసంతో ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలు ఇందులోకి రారు. ఇరుకు గదుల్లో, కార్ఖానాల పక్కన, పొగలో, దుమ్ములో బతికే పిల్లలు వీళ్లలోనే ఎక్కువ.

మూడోది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఆస్థమా ఉందా అని అడుగుతుంది. కానీ పేరు పెట్టి అడుగుతుంది. డాక్టరు ఎప్పుడూ ఆ పేరు చెప్పకపోతే ఇంట్లోవాళ్లు 'లేదు' అంటారు. ఎప్పుడైనా సర్వే వాళ్లు ఇంటికొస్తే జబ్బు పేరు తెలియకపోయినా లక్షణం చెప్పాలి. రాత్రి పిల్లికూతలు వస్తాయని చెబితే చాలు.

టెస్టులో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా

ఈమధ్య డజన్ల కొద్దీ పదార్థాలకు ఒకేసారి చేసే అలర్జీ రక్తపరీక్షలు బాగా నడుస్తున్నాయి. రిపోర్టు చూసి గుడ్డు, పాలు, పప్పు, చేప అన్నీ మానిపించే ఇళ్లున్నాయి. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద జరిగిన స్టడీ ఇక్కడ పనికొస్తుంది. ఏదో ఒక ఆహారానికి రక్తంలో యాంటీబాడీ ఉన్నవాళ్లు 26.5 శాతం. నిజంగా ఆ ఆహారంతో అలర్జీ ఉండొచ్చు అనదగినవాళ్లు 1.2 శాతమే.

అంటే టెస్టులో పాజిటివ్ వచ్చిన చాలామందికి తింటే ఏమీ కాదు. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముఖ్యం. రిపోర్టు ఒక్కటే చూసి ఎదిగే పిల్లల తిండి కోయకూడదు. తిన్న వెంటనే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరాడకపోవడం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో ఏం చేయొచ్చు

ఐజాక్ ప్రశ్నల్ని ఇంట్లోనే పిల్లల్ని అడగొచ్చు. గత ఏడాదిలో పిల్లికూతలు వచ్చాయా, రాత్రి నిద్ర చెడిందా, ఆడితే దగ్గు వస్తోందా? అవునని జవాబు వస్తే ఆ వివరాలు, ఏ నెలల్లో వస్తోందో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించాలి. పిల్లికూతలు వినిపించినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. క్లినిక్‌కు వెళ్లేసరికి శబ్దం పోతుంది, వీడియో ఉంటుంది.

"ఇది ఆస్థమానా?" అని డాక్టరును సూటిగా అడగాలి. ఆడపిల్ల పెళ్లికి అడ్డమవుతుందని పేరు దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పేరు దాస్తే మందు కూడా ఆగిపోతుంది.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం వద్దు. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకు వెళుతుంది. చేపమందు తీసుకున్నా, హకీమ్ మందు వాడుతున్నా డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ ఆపకూడదు.

ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే సిగరెట్, బీడీ పొగతోపాటు లోబాన్, ఊద్, అగర్‌బత్తీ పొగ కూడా తగ్గించాలి. ఊరి బయట, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ మొక్కను ఉత్త చేతులతో పీకొద్దు. దాన్నే కాంగ్రెస్ గడ్డి అంటారు. చర్మానికీ ముక్కుకీ అలర్జీ తెచ్చే మొక్క అది.

రంజాన్‌లో ఇన్‌హేలర్ వాడితే రోజా పోతుందా అన్న దానిమీద ఉలమాల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. తమ ముఫ్తీ సాబ్‌ను అడిగి తెలుసుకోవాలి. రోజుకు రెండుసార్లు వాడే మందును సహరీకి, ఇఫ్తార్‌కి సర్దుకోవడం చాలామందికి వీలవుతుంది. అది రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. దాడి వచ్చినప్పుడు మాత్రం ఆగకూడదు. జబ్బు చేసినవాళ్లకు రోజా విడిచి తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది. మాట పూర్తిగా రాకపోవడం, పెదాలు నీలంగా మారడం, ఇన్‌హేలర్ వేసినా ఊపిరి తేలిక కాకపోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.